తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాళ్ల కోసం వాయిస్ అసిస్టెంట్ తయారుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో వాయిస్ అసిస్టెంట్ల మీద పనిచేస్తున్న నన్ను కొత్తగా టీమ్‌లోకి వచ్చినవాళ్లు, కాలేజీ ప్రాజెక్టు చేసేవాళ్లు, డబ్బు పెట్టేవాళ్లు అందరూ దాదాపు ఇవే అడుగుతున్నారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఒకచోట రాసిపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా అర్థమవ్వాలని ఏ జవాబుకి ఆ జవాబు విడిగా ఉంటుంది. అందువల్ల ఒకటి రెండు సంగతులు మళ్లీ కనిపించొచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా యూజర్లకి ఇంగ్లీషు వచ్చుగా, మళ్లీ తెలుగెందుకు?

వచ్చు అంటే ఎప్పుడు వచ్చు, ఎక్కడ వచ్చు అని అడగాలి. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు మెయిళ్లు రాసే మనిషే వంటింట్లో పిండి చేతులతో ఉన్నప్పుడు "పది నిమిషాలకి టైమర్ పెట్టు" అంటాడు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 8.11 కోట్ల మంది. వీళ్లలో ఒక్క ఇంగ్లీషు మాటా లేకుండా రోజు గడిపేవాళ్లు అరుదు. తెలుగు ముక్క లేకుండా గడిపేవాళ్లు ఇంకా అరుదు. మీ యూజరు ఈ రెంటికీ మధ్య ఉన్నాడు.

ఇలా కలిపి మాట్లాడటం భాష సరిగా రాకపోవడం కాదా?

కాదు. కలపడానికీ ఒక వ్యాకరణం ఉంది. "రేపటి ట్రైన్‌కి రెండు టికెట్లు బుక్ చెయ్యి" చూడండి. ట్రైన్, టికెట్, బుక్ ఇంగ్లీషువి. "కి", "లు", "చెయ్యి" మనవి, క్రియ కూడా మన అలవాటు ప్రకారం చివరే కూర్చుంది. ఎంత ఇంగ్లీషు వచ్చినవాడైనా "బుక్ రెండు టికెట్లు రేపటి ట్రైన్‌కి" అనడు. ఒక భాష చట్రం వేస్తే ఇంకో భాష అందులో మాటలు పెడుతుందని భాషాశాస్త్రవేత్త కరోల్ మైయర్స్-స్కాటన్ 1990లలో వివరించిన సిద్ధాంతం మన వాక్యాలకి చక్కగా సరిపోతుంది.

డిజైన్ చేసేవాళ్లకి ఇది వరం. ఇంగ్లీషు క్రియ ఒంటరిగా తెలుగులోకి రాదు, పక్కన చెయ్యి, అవు, పెట్టు, కొట్టు లాంటి తోడు ఉండాల్సిందే. "క్యాన్సిల్ చెయ్యి" అంటే ఆజ్ఞ. "క్యాన్సిల్ అయింది" అంటే ఫిర్యాదు. "క్యాన్సిల్ అయిందా" అంటే ప్రశ్న. క్యాన్సిల్ అన్న మాట ఒక్కటే పట్టుకుని పని మొదలుపెట్టే అసిస్టెంట్, టికెట్ ఏమైందోనని అడిగినవాడి టికెట్టే రద్దు చేసి కూర్చుంటుంది.

సెట్టింగ్స్‌లో భాష ఎంచుకోమంటే సరిపోదా?

సరిపోదు. ఆ మెనూ ఒక మనిషికి ఒక భాష అన్న లెక్కలో పుట్టింది. గూగుల్ అసిస్టెంట్ 2018లో రెండు భాషలు ఒకేసారి ఎంచుకోనిచ్చింది, 2019లో అలెక్సా హిందీ, ఇంగ్లీషు కలిపి వినే పద్ధతి తెచ్చింది. రెండూ మంచి అడుగులే. కానీ గూగుల్ అప్పట్లో చేసింది రెండు రికగ్నైజర్లను (విన్న మాటని అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాములను) పక్కపక్కన నడిపి, ఈ వాక్యం ఏ భాషదో తేల్చి, ఒకదాని ఫలితం తీసుకోవడం. ఈ వాక్యం ఇంగ్లీషు, తర్వాతి వాక్యం ఫ్రెంచి అనే ఇంటికి అది పనికొస్తుంది. "ఫ్రిజ్‌లో మిల్క్ అయిపోయింది, లిస్ట్‌లో యాడ్ చెయ్యి" అనే ఇంటికి రెండింట్లో ఏది ఎంచుకున్నా సగం పోతుంది. భాష ఎంపిక ఉంచండి, కానీ జవాబు ఏ భాషలో రావాలి, తెర మీద ఏ లిపి కనబడాలి అన్నంతవరకే. వినేటప్పుడు మాత్రం రెండూ వినాలి.

అచ్చతెలుగులోనే చేస్తే భాషకి సేవ కూడా అవుతుంది కదా?

"దీపం ఆర్పుము" అని ఏ ఇంట్లోనూ అనరు. "లైటాపు" అంటారు. తెలుగు మీద నాకూ ప్రేమ ఉంది, అందుకే చెబుతున్నాను: నోట్లోంచి వచ్చే తెలుగు యంత్రానికి అర్థం కాకపోతే జనం గ్రాంథికంలోకి మారరు, ఇంగ్లీషులోకి మారతారు.

## మాటలు సేకరించేటప్పుడు

ట్రైనింగ్‌కి తెలుగు డేటా ఎక్కడ దొరుకుతుంది?

ఇదివరకటంత కరువు లేదు. 2018 ఇంటర్‌స్పీచ్ సదస్సు కోసం మైక్రోసాఫ్ట్ తెలుగు, తమిళం, గుజరాతీ మాటల డేటా విడుదల చేసింది. జనం గొంతులు పోగుచేసే మొజిల్లా కామన్ వాయిస్‌లో తెలుగు ఉంది. మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం 22 భాషల్లో సేకరించిన ఇండిక్‌వాయిసెస్ అనే మాటల డేటా ఉంది. భారతీయ భాషల కోసం 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భాషిణి వేదిక కూడా ఉంది.

చిక్కల్లా కలిపి మాట్లాడే డేటాతోనే. 2021లో భారతీయ భాషల మీద జరిగిన ఒక పెద్ద స్పీచ్ పోటీలో కలగలుపు మాటల విభాగానికి తీసుకున్నవి హిందీ-ఇంగ్లీషు, బెంగాలీ-ఇంగ్లీషు జంటలు. తెలుగు ఉన్నది ఆరు భాషల విడి విభాగంలో. కాబట్టి దొరికిన డేటాతో పునాది వేసుకుని, మీ పనికి కావలసిన కలగలుపు వాక్యాలు మీరే రికార్డు చేసుకోవాల్సి వస్తుంది.

వాలంటీర్లకి వాక్యాలిచ్చి చదివిస్తే చాలదా?

కాగితం చేతికిస్తే మనవాళ్ల గొంతు మారిపోతుంది. వార్తలు చదువుతున్నట్టు "చేయుము"ల వైపు జారతారు. పైగా మీరు వాక్యంలో రాసిన ఇంగ్లీషు మాటే వాళ్లూ పలుకుతారు తప్ప వాళ్ల మాట బయటికి రాదు. వాక్యం బదులు సందర్భం ఇవ్వండి. "మీ చేతిలో సామాను ఉంది, మీ బావకి ఫోన్ కలపాలి, ఏమంటారు?" అంతే. పది మంది పది రకాలుగా అంటారు. మీకు కావలసింది ఆ పది రకాలే.

ఏ ప్రాంతాల వాళ్లని తీసుకోవాలి?

యూజర్లు ఎక్కడుంటే అక్కడివాళ్లని. "వచ్చాడు" అన్న ఒక్క మాటనే చూడండి. కోస్తాలో ఆ మధ్య అచ్చు "బ్యాంక్"లోని అచ్చుకి దగ్గరగా పలుకుతుంది, రాతలో అది కనబడదు. తెలంగాణలో "వచ్చిండు". శ్రీకాకుళం వైపు "ఏటి", రాయలసీమలో "యాడికి". తెలంగాణలో రెండు భాషలు అనుకున్నది నిజానికి మూడు. "జర సౌండ్ తక్కువ చెయ్యి" అన్న వాక్యంలో జర ఉర్దూ నుంచి వచ్చింది, సౌండ్ ఇంగ్లీషు, మిగతాది తెలుగు. అన్నవాడికి అదంతా ఒకటే భాష. డేటాలో ఇలాంటివాటిని తప్పులని కొట్టేసే ట్రాన్స్‌క్రైబర్లు (రికార్డు విని రాసిపెట్టేవాళ్లు) ఉంటారు, వాళ్లని ముందే ఆపాలి.

ఇంగ్లీషు మాటని ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏ లిపిలో రాయాలి?

ఏదైనా ఒకటి పెట్టుకుని దానికే కట్టుబడండి. నా ఓటు తెలుగు లిపికి. ఇంగ్లీషు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాద్దామంటే "ఏది ఇంగ్లీషు మాట" అన్న గొడవ తెగదు. రోడ్డు ఇంగ్లీషా? బస్సు? సారు? మేం ఒకసారి రెండు మీటింగులు దీనికే తగలేశాం. తెలుగు లిపి పెట్టుకున్నా టికెట్, టిక్కెట్, టికెట్టు, టిక్కెట్టు అని నాలుగు రకాలు వస్తాయి. వాటన్నిటినీ ఒకే మాటకి కలిపే పట్టిక మొదటి రోజే మొదలుపెట్టండి.

పిల్లల గొంతులు రికార్డు చేయొచ్చా?

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. తల్లిదండ్రుల అనుమతి కావాలి, అది నిజంగా వాళ్లే ఇచ్చారని తేల్చుకోగలగాలి. స్కూల్లో మైకు పెట్టి టీచరు ఒప్పుకున్నారంటే కుదరదు.

## వినేటప్పుడు

"బస్", "బస్సు" ఒకటే కదా, అసిస్టెంట్ ఎందుకు తడబడుతుంది?

మన మాట చివర అచ్చు ఉండాలని నాలుక కోరుతుంది. అందుకే బస్సు, కారు, లైటు, ఆఫీసు. అదే మనిషి ఒక వాక్యంలో "ఆఫీస్‌కి" అని, తర్వాతి వాక్యంలో "ఆఫీసుకి" అంటాడు. మాట మొదట్లో స్కూల్ కాస్తా ఇస్కూల్ అవుతుంది. బహువచనంలో టికెట్స్, టికెట్లు రెండూ నడుస్తాయి, ఒక్కోసారి రెండూ కలిసిపోయి "షూస్‌లు" కూడా వస్తాయి. ఉచ్చారణ నిఘంటువులో అమెరికా ఉచ్చారణ ఒక్కటే ఉంటే ఇవన్నీ కొత్త మాటల్లా వినిపిస్తాయి. ప్రతి అరువు మాటకీ కనీసం రెండు మూడు పలుకుబడులు పెట్టండి.

అంకెలు ఎందుకింత కష్టం?

ఎందుకంటే ఏ అంకె ఏ భాషలో చెప్పాలన్నది పనిని బట్టి మారుతుంది. ఫోన్ నంబరు చదువుకోనివాళ్లు కూడా తరచూ ఇంగ్లీషులోనే చెబుతారు, "నైన్ ఎయిట్ డబల్ ఫోర్" అని. డబల్, ట్రిపుల్ తెలియని అసిస్టెంట్ అక్కడే పడిపోతుంది. టైమ్ దగ్గరికొచ్చేసరికి ఐదున్నర, ఐదుంపావు, పావుతక్కువ ఆరు. డబ్బుకొస్తే పాతిక వేలంటే 25,000, పదిహేను వందలంటే 1,500, లక్షన్నరంటే 1,50,000. పెళ్లి చదివింపుల మెసేజ్‌లో "వెయ్యి నూటపదహార్లు" అంటే 1,116.

అన్నిటికంటే ప్రమాదం జంట అంకెలు. "ఐదారు టికెట్లు" అంటే ఐదో ఆరో, 56 కాదు. "నాలుగైదు" అంటే 45 కాదు. మనిషి ఇంకా తేల్చుకోలేదని అర్థం, కాబట్టి అసిస్టెంట్ తానే ఒక అంకె ఎంచుకోకూడదు. "ఐదు చెయ్యనా, ఆరా?" అని అడగాలి. ఏ అంకె విన్నా జవాబులో తిరిగి చెప్పడం, వీలుంటే తెర మీద అంకెల్లో చూపించడం తప్పనిసరి.

మాట్లాడుతుండగానే మధ్యలో మైకు ఆగిపోతోంది. ఎందుకు?

చాలా అసిస్టెంట్లు కాసేపు నిశ్శబ్దం రాగానే మాట అయిపోయిందనుకుంటాయి. ఇంగ్లీషు ఆజ్ఞలో క్రియ ముందే వస్తుంది, ఏం చెయ్యాలో మొదటి మాటకే తెలుస్తుంది, ఆ తర్వాత ఆగినా ఎంతోకొంత నడుస్తుంది. తెలుగులో క్రియ చివరది. "రేపు పొద్దున... ఆ విజయవాడ బస్సుకి... కిటికీ పక్క సీటు..." ఇక్కడిదాకా వచ్చినా బుక్ చెయ్యాలో, క్యాన్సిల్ చెయ్యాలో, ఉందో లేదో చూడాలో తెలియదు. క్రియ వినబడేదాకా ఎక్కువసేపు ఆగండి, క్రియ పడ్డాక తక్కువసేపు చాలు. ఈ ఒక్క మార్పు మా యూజర్లలో పెద్ద వయసువాళ్ల విసుగు సగం తగ్గించింది.

అసిస్టెంట్‌ని నిద్రలేపే పేరు, అంటే పిలవగానే అది వినడం మొదలుపెట్టే మాట, ఎలా పెట్టాలి?

మూడు నాలుగు అక్షరాలు, చివర దీర్ఘం తీయడానికి వీలున్నది. మనం పిలిచేటప్పుడు "రాజూ", "సీతా" అని లాగుతాం. రోజూ ఇంట్లో వినబడే మాటలు, చుట్టాల పేర్లు వద్దు. మీరు పెట్టిన పేరు సీరియల్‌లో హీరోయిన్‌ది కూడా అయితే సాయంత్రమంతా అది లేచి కూర్చునే ఉంటుంది.

## అర్థం చేసుకునేటప్పుడు

"ఆ" అంటే అవుననా, ఏంటనా?

రెండూను. గొంతు దిగితే అవును, లేస్తే "ఏమన్నావ్?". అక్షరాల్లోకి మారిన తర్వాత రెండూ ఒకటే, తేడా శృతిలో ఉంది. అలాగే "సరే" అంటే ఒప్పుకోలు, "సర్లే" అంటే "పోనీ వదిలెయ్". "ఉండు" అంటే ఆగమని, "చాలు" అంటే ఆపమని. కాదు, లేదు, వద్దు మూడూ మూడు రకాల కాదనడాలు. "అమ్మకేనా ఫోన్?" అన్నప్పుడు "కాదు" అంటే వేరేవాళ్లకి అని, "వద్దు" అంటే అసలు ఫోనే వద్దని. రెండింటినీ ఇంగ్లీషు నో కింద ఒకే డబ్బాలో వేస్తే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

లేదన్న రూపంలో ప్రశ్న అసలు అడగొద్దు. "క్యాన్సిల్ చెయ్యొద్దా?" అంటే మనవాడు "ఆ" అంటాడు, అంటే చెయ్యొద్దని. ఇంగ్లీషు లెక్కలో తయారైన లాజిక్ దాన్ని ఎటైనా తిప్పేస్తుంది. డబ్బు, రద్దు లాంటి చోట్ల ఒక్క "ఆ" మీద ఆధారపడకుండా "పంపించమంటారా, ఆపమంటారా?" అని అడిగి ఆ రెండు మాటల్లో ఒకటి వినండి.

ఒకే క్రియకి ఇన్ని అర్థాలుంటే ఎలా?

"లైటు వెయ్యి" అంటే వెలిగించమని. "తలుపు వెయ్యి" అంటే మూయమని. "అకౌంట్‌లో వెయ్యి వెయ్యి" అంటే వెయ్యి రూపాయలు జమ చెయ్యమని. "తియ్యి" కూడా ఇంతే, తలుపుకైతే తెరవడం, అలారానికైతే తీసేయడం. క్రియని ఒంటరిగా ఆన్, ఆఫ్ పెట్టెల్లో సర్దకండి. వస్తువునీ క్రియనీ జంటగా నేర్పండి. ఆపడానికే ఆపు, కట్టెయ్యి, బంద్ చెయ్యి, ఆఫ్ చెయ్యి ఉన్నాయి, ఇంకా ఉంటాయి.

కాంటాక్ట్‌లో పేరుండగానే దొరకలేదంటోంది. ఎందుకు?

ఫోన్లో పేర్లు మనం ఎలా దాచుకుంటామో ఒకసారి మీ లిస్టే చూసుకోండి. "శ్రీను కరెంట్", "గ్యాస్ అతను", "బావ హైదరాబాద్", "పిన్ని కొత్త నంబర్". అవీ ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు. పిలిచేది మాత్రం "కరెంటు శ్రీనుకి కలుపు" అని. అంటే లిపి మారింది, మాటల వరుస మారింది, చివర "కి" చేరింది. ఆ పైన "నాన్నకి" అన్నప్పుడు లిస్టులో డాడీ ఉండొచ్చు.

చెయ్యాల్సింది: పేరు చివరి విభక్తి విడదీయడం, ఇంగ్లీషు అక్షరాల పేరుని ధ్వని ప్రకారం తెలుగుతో పోల్చడం, వరుస పట్టించుకోకపోవడం, అమ్మ-మమ్మీ, నాన్న-డాడీ లాంటివి కలపడం. బావని, పిన్నిని ఇంగ్లీషులోకి మార్చి వెతకొద్దు. ఆ భాషలో బావ ఎవరన్నది మనకే అంతుచిక్కదు.

అడ్రస్ మాటల్లో ఎలా తీసుకోవాలి?

ఇంటి నంబరు, వీధి పేరు వరసగా అడిగితే సగం మంది తడుముకుంటారు. "హనుమాన్ గుడి వెనక సందు", "పెట్రోల్ బంకు దాటాక రైట్" అని గుర్తులతో చెప్పనివ్వండి. అసిస్టెంట్ దారి చెప్పేటప్పుడు కూడా లెఫ్ట్, రైట్ అంటే తప్పేం లేదు. ఆటో ఎక్కి "కుడివైపు" అని మీరు ఎన్నిసార్లు అన్నారు?

## జవాబు చెప్పేటప్పుడు

"నువ్వు" అనాలా, "మీరు" అనాలా?

అసిస్టెంట్ ఎప్పుడూ మీరు. యూజరు "పెట్టు" అన్నా, "పెట్టండి" అన్నా, "పెట్టవే" అన్నా జవాబు మారకూడదు. ఇంట్లోవాళ్ల గురించి చెప్పేటప్పుడు చిక్కొస్తుంది. "నాన్న ఫోన్ చేస్తున్నాడు" అంటే కొన్ని ఇళ్లలో చివుక్కుమంటుంది, "చేస్తున్నారు" అంటే కొన్ని ఇళ్లలో పరాయిగా ఉంటుంది. "నాన్న నుంచి ఫోన్" అంటే ఏ గొడవా లేదు. ఒక సుఖం కూడా ఉంది: హిందీలోలా మనకి "నేను" పక్కన ఆడ, మగ క్రియలు లేవు. "పెట్టాను" అంటే చాలు, గొంతు ఎవరిదైనా వాక్యం మార్చక్కర్లేదు.

యూజరు ఎంత ఇంగ్లీషు కలిపితే మనమూ అంతే కలపాలా?

వద్దు. అందరికీ తెలిసిన ఒక మధ్యస్థ తెలుగు పెట్టుకోండి. వస్తువుకి జనం వాడే పేరు, వాక్యానికి తెలుగు కట్టు: "ఆరింటికి అలారం పెట్టాను". యాసని అనుకరించడం అసలే వద్దు. కరీంనగర్ మనిషికి కరీంనగర్ యాసలో జవాబిస్తే ముచ్చటగా ఉంటుందని ఒకసారి అనుకున్నాం. విన్నాయన "నన్ను ఎక్కిరిస్తున్నదా?" అన్నారు. యాసని వినడం రావాలి, పలకబోతే సినిమా కామెడీ అవుతుంది.

ఇంగ్లీషు మాట రాగానే గొంతు మారిపోతోంది, ఏం చెయ్యాలి?

తెలుగు మాటకి ఒక గొంతు, ఇంగ్లీషు మాటకి ఇంకో గొంతు కలిపి కుట్టారన్నమాట. ఒకే మనిషి చేత రెండూ కలిపి చదివించి టీటీఎస్ (రాతని చదివి వినిపించే యంత్రం గొంతు) తయారుచేయాలి. అప్పటిదాకా ఇంగ్లీషు మాటల్ని తెలుగు లిపిలో రాసి తెలుగు గొంతుకే ఇవ్వండి, వినడానికి మన మనిషిలాగే ఉంటుంది. "రూ.", "కి.మీ.", "డా." లాంటి పొట్టిరాతల్ని ముందే విప్పి ఇవ్వడం మరవొద్దు.

అర్థం కానప్పుడు ఏమనాలి?

"క్షమించండి, మీరు చెప్పినది నాకు అర్థం కాలేదు" అన్నది రెండుసార్లు వింటే మూడోసారి ఎవరూ ఉండరు. విన్నంతవరకు చెప్పి, విననిది అడగండి. "విజయవాడ బస్సు, సరే. రేపటికా, ఎల్లుండికా?"

## పరీక్షించేటప్పుడు, వదిలాక

వర్డ్ ఎర్రర్ రేట్ (యంత్రం ఎన్ని మాటలు తప్పుగా రాసిందన్న లెక్క) ఘోరంగా ఉంది, యూజర్లు మాత్రం బాగుందంటున్నారు. ఏది నమ్మాలి?

యూజర్లని. ఆ కొలత ఇంగ్లీషు లాంటి భాషలకి నప్పుతుంది. మనకి "వెళ్లాలనుకుంటున్నాను" ఒక మాట. దాన్ని "వెళ్లాలని అనుకుంటున్నాను" అని రాస్తే అర్థం చెక్కుచెదరకపోయినా తప్పుల లెక్క పెరుగుతుంది. టికెట్ బదులు టిక్కెట్టు వచ్చినా తప్పే. రాతలో తేడాలన్నిటినీ ముందు ఒక రూపానికి తెచ్చి, అక్షరాల స్థాయిలో కొలవండి. అంతకంటే ముఖ్యంగా, అడిగిన పని జరిగిందా లేదా లెక్కపెట్టండి.

టెస్టింగ్ ఎవరితో చేయించాలి?

మీ టీమ్‌తో మాత్రం వద్దు. వాళ్లకి యంత్రం ఏం వింటుందో తెలుసు, తెలియకుండానే దానికి సాయం చేస్తారు. కిరాణా కొట్టాయన, ఇంట్లో పెద్దమ్మ, ఇంటర్ చదివే పిల్లాడు కావాలి. ఏసీ గదిలో కాదు, ఫ్యాను తిరుగుతూ కుక్కరు కూసే చోట.

డబ్బు పంపడం లాంటివి మాటతో చేయించొచ్చా?

చేయించొచ్చు, జాగ్రత్తగా. బటన్ ఫోన్ల కోసం యూపీఐ 123పే 2022 మార్చిలో వచ్చింది. 2023 సెప్టెంబరులో ప్రకటించిన, మాటతో డబ్బు పంపే హలో యూపీఐ హిందీ, ఇంగ్లీషుతో మొదలైంది. మీరు తెలుగులో చేస్తుంటే పేరు, మొత్తం రెండూ పైకి చెప్పి నిర్ధారించుకోండి. పిన్ మాత్రం ఎప్పటికీ నోటితో చెప్పించొద్దు, వేలితో నొక్కాల్సిందే. మన ఇళ్లలో నలుగురి మధ్య కాకుండా ఫోన్ మాట్లాడటం ఎక్కడ కుదురుతుంది?

అమెరికాలో తెలుగువాళ్లకి ఇదే పనికొస్తుందా?

పెద్దవాళ్లకి పనికొస్తుంది. అక్కడే పుట్టిన పిల్లల మాట వేరు. ట, త తేడా, ల, ళ తేడా చెరిగిపోతాయి, చట్రమే తిరగబడి ఇంగ్లీషు వాక్యంలో తెలుగు మాటలు వస్తాయి: "ప్లే దట్ సాంగ్ ఫర్ అమ్మమ్మ". ఒకే స్పీకర్ ముందు ఆ పిల్లా, ఆరు నెలలకి వచ్చిన అమ్మమ్మా కూర్చుంటారు. అలాంటి ఇంటి మాటలు విడిగా సేకరించాల్సిందే.

విడుదలయ్యాక చాలామంది ఇంగ్లీషులోనే అడుగుతున్నారు. అంటే తెలుగు అక్కర్లేదనేనా?

ఆ లెక్క చూపించి తెలుగు పని ఆపేసిన చోట నేనూ పనిచేశాను. ఇంగ్లీషు వాక్యాల సంఖ్య చూడకండి, ప్రతి ఇంగ్లీషు వాక్యానికి ముందు ఏముందో లాగ్‌లో (అసిస్టెంట్ విన్నవన్నీ నమోదయ్యే జాబితాలో) చూడండి. అక్కడ మాకు మళ్లీ మళ్లీ కనబడింది ఇది: "పొద్దున్నే ఐదుంపావుకి లేపు", ఆ వెంటనే "ఐదుంపావు, ఐదుంపావు", చివరికి "అలారం, ఫైవ్ ఫిఫ్టీన్". మా రిపోర్టులో ఆ మూడోది ఒక్కటే ఎక్కింది, విజయవంతమైన ఇంగ్లీషు కమాండ్‌గా.